పడవ ఎక్కడానికి భయపడే అయిదేళ్ళ పిల్లవాడికి ధైర్యం ఎలా చెప్పాలి?

ప్రశ్న: లంక గ్రామం నుంచి ఒక తల్లి

మాది కోనసీమలో గోదావరి వైనతేయ పాయను ఆనుకుని ఉన్న ఒక లంక. మా అబ్బాయికి అయిదేళ్ళు నిండాయి. ఈ ఏడాది ఒకటో తరగతిలో చేర్చాము, బడి అవతలి ఒడ్డున ఉంది. క్రిందటి వానాకాలంలో వరద వచ్చినప్పుడు మమ్మల్ని రాత్రివేళ పడవలో పునరావాస కేంద్రానికి తరలించారు. ఆ రాత్రి గాలికి పడవ బాగా ఊగింది, పైగా మా ఆవుదూడను గట్టు మీద విడిచి వెళ్ళవలసి వచ్చింది. దూడ తరువాత క్షేమంగానే దొరికింది. కానీ అంతవరకు పడవ పేరు చెబితే సంబరపడే పిల్లవాడు ఇప్పుడు రేవు కనబడగానే నా కొంగు పట్టుకుని అడుగు వేయడు. వాళ్ళ నాన్నగారు ఎత్తుకుని కూర్చోబెడితే అవతలి రేవు చేరేవరకు కళ్ళు మూసుకుని ఏడుస్తూనే ఉంటాడు. పడుకునే ముందు “అమ్మా, ఈ రాత్రి నీళ్ళొస్తాయా?” అని అడిగిందే అడుగుతాడు. మా అత్తయ్యగారికి మనవడంటే ప్రాణమే గాని, అల్లరి చేస్తే గోదారమ్మకు ఇచ్చేస్తానని బెదిరించడం ఆవిడకు అలవాటు. వాడిని ఇలాగే బలవంతంగా పడవ ఎక్కించాలా, లేక భయం పోయేవరకు అవతలి ఊళ్ళో మా ఆడపడుచు ఇంట్లో ఉంచి చదివించాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి సమాధానం: పదవీ విరమణ చేసిన ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, రాజోలు

అమ్మా, మీ అబ్బాయి భయం ఉత్త ఊహలోంచి పుట్టింది కాదు. రెండు మూడేళ్ళ పిల్లలు పెద్ద శబ్దాలకు, చీకటికి జడుస్తారు, నాలుగైదేళ్ళవారు దయ్యాలకు, బూచివాళ్ళకు భయపడతారు, అవి చాలావరకు వయసుతో పాటు వాటంతటవే తగ్గుతాయి. మీవాడు మాత్రం నిజంగా పెరిగిన ఏటిని, నిజంగా ఊగిన పడవను చూశాడు. అందువల్ల “భయం లేదు, ఏమీ కాదు” అన్న మాట వాడి చెవికి ఎక్కదు. “ఆ రాత్రి నీకు చాలా భయం వేసింది, మాకూ వేసింది, అందుకే అందరం కలిసి మెరక చోటికి వెళ్ళాం” అంటే తన మాట పెద్దవాళ్ళకు అర్థమైందని వాడికి తెలుస్తుంది. దూడ సంగతి వాడి చేతనే చెప్పించండి. వాడు ఎక్కడ ఆగిపోతే అక్కడి నుంచి మీరు అందుకుని, దూడ దొరికి ఇంటికి చేరినంతవరకు చెప్పండి. పిల్లలు భయపడిన ఘట్టం దగ్గరే కథను ఆపేస్తారు, తరువాత జరిగిన మంచి వారి మనసులో నిలవదు.

ఎత్తుకెళ్ళి పడవలో కూర్చోబెట్టడం మానండి. అలాగని ఆడపడుచుగారి ఇంట్లో ఉంచడం కూడా నాకు సమ్మతం కాదు. భయపడిన దానికి దూరంగా ఉన్న ప్రతిరోజూ మనసుకు హాయిగా ఉంటుంది, ఆ హాయి వల్లనే భయం మరింత బలపడుతుంది. అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కుందేలు అంటే హడలిపోయే పీటర్ అనే చిన్నపిల్లవాడి విషయంలో అనుసరించిన పద్ధతిని 1924లో ప్రచురించారు. వాడు ఇష్టమైనది తింటూ ఉండగా కుందేలును దూరం నుంచి కొంచెం కొంచెంగా దగ్గరకు తెచ్చారు, చివరకు ఆ పిల్లవాడే దానిని నిమిరాడు. మీరు చేయవలసిందీ అదే. సెలవురోజున, గాలి లేని ఉదయం పూట, పడవ ఎక్కే పని పెట్టుకోకుండా రేవు మెట్ల మీద వాడికి నచ్చిన తాయిలంతో కూర్చోండి. అది అలవాటయ్యాక ఒడ్డున కట్టేసి ఉన్న పడవ అంచును ముట్టుకోనివ్వండి. ఆ తరువాత కట్టేసిన పడవలోనే మీ ఒడిలో కూర్చోనివ్వండి. ఆపైన సరంగును అడిగి ఒడ్డు వెంబడి కొద్ది దూరం తిప్పించండి. ప్రతి మెట్టు దగ్గరా వాడి ఒళ్ళు సడలి, ఊపిరి నిదానించేవరకు ఆగి, అప్పుడు ఇంటికి బయలుదేరండి. ఏడుపు పతాక స్థాయిలో ఉండగా తిరిగి వచ్చేస్తే పారిపోవడమే మందని వాడు నేర్చుకుంటాడు. ఒక్కమాట మరీ ముఖ్యం: ఈరోజు చూసి వచ్చేద్దామని చెప్పి, రేవులో మాట తప్పి ఎక్కించవద్దు. అలా ఒక్కసారి చేసినా తరువాత మీ మాటను వాడు నమ్మడు.

రెండవ సమాధానం: అంగన్‌వాడీ కార్యకర్త, ముమ్మిడివరం

మాస్టారి మాటతో ఏకీభవిస్తున్నాను. అయితే రాత్రి ప్రశ్నకు కూడా జవాబు కావాలి. “రావులే, పడుకో” అంటే అది హామీ మాత్రమే, రేపు రాత్రి వాడికి మళ్ళీ అదే హామీ కావాలి. దానికి బదులు వరద ఎలా వస్తుందో పగటిపూట చెప్పండి. గోదావరి వరద మన ఇంటి ముందు ఉన్నట్టుండి పుట్టదు, ముందు భద్రాచలం దగ్గర పెరిగి, ఆ తరువాత ధవళేశ్వరం చేరుతుంది. అక్కడి బ్యారేజీ వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలైతే రెండవది, 17 లక్షలైతే మూడవది ఇస్తారు. ఈ అంకెలు మీకోసం. వాడికి మాత్రం “నీళ్ళు పెరిగితే పెద్దవాళ్ళకు ముందే కబురు వస్తుంది, అప్పుడు నిన్ను లేపి, చేయి పట్టుకుని తీసుకువెళ్తాం” అని చెప్తే చాలు. వానాకాలంలో ఒక సంచిలో వాడి చొక్కా, బొమ్మ, టార్చిలైటు వాడి చేతనే సర్దించి, తలుపు పక్కన తగిలించండి. రాత్రి అడిగితే “సంచి ఎక్కడుంది?” అని ఎదురు ప్రశ్న వేయండి, జవాబు వాడే చెప్పుకుంటాడు.

అత్తయ్యగారి విషయం సున్నితమైనది. పిల్లవాడి ఎదుట ఆవిడ మాట కొట్టేయకండి. ఏకాంతంగా, “అత్తయ్యగారూ, మీరు చెబితే వాడు నమ్ముతాడు, అందుకే మీరే గోదారమ్మ మనల్ని చల్లగా చూసే తల్లి అని చెప్పండి” అని అడగండి. ఏ నీటిని దాటి బడికి పోవాలో ఆ నీటి పేరుతోనే బెదిరించడం ఎంత హాని చేస్తుందో విడమరచి చెబితే పెద్దవారు తప్పక అర్థం చేసుకుంటారు, మా కేంద్రానికి వచ్చే నాయనమ్మలలో నేనిది చూశాను.

ప్రశ్న వేసిన తల్లి

ఇద్దరికీ కృతజ్ఞతలు. మరొక సందేహం ఉంది. పెరట్లో మట్టితో ఇల్లు కట్టి, చెంబుడు నీళ్ళు పోసి కూల్చే ఆట రోజూ ఆడుతున్నాడు. మాన్పించాలా?

మూడవ సమాధానం: పిల్లల వార్డులో పనిచేసే నర్సు, అమలాపురం

మాన్పించవద్దు. మాటల్లో చెప్పలేనిదాన్ని పిల్లలు ఆటలో చెప్పుకుంటారు. మీరు కూడా పక్కన కూర్చుని, “ఇంట్లో వాళ్ళు ఎటు వెళ్ళారు? పడవ ఎవరు తెచ్చారు?” అని అడగండి. కాగితం పడవ చేసి ఇస్తే ఎవరిని ఎక్కించాలో వాడే తేలుస్తాడు. ఆట రోజురోజుకూ కొంచెం మారుతూ ఉంటే మంచిదే. ఏ మార్పూ లేకుండా అదే ఆటను బిగుసుకుపోయి ఆడుతున్నా, ఆడిన తరువాత మరింత కలత పడుతున్నా, మానేసిన పక్కతడుపు మళ్ళీ మొదలైనా, పీడకలలతో తరచూ లేస్తున్నా, తిండీ చదువూ దెబ్బతింటున్నా ఇంట్లో చూస్తూ కూర్చోకూడదు. వరద వెళ్ళి నెలలు గడిచాయి కనుక, పై లక్షణాలలో ఏది కనిపించినా పిల్లల వైద్యునికి చూపించండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ ద్వారా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

నీటి భయాన్ని పూర్తిగా తుడిచేయాలని మాత్రం కోరుకోకండి. లంకలో పెరిగే పిల్లవాడికి ఏటి దగ్గర జాగ్రత్త ఉండి తీరాలి. వాడి బరువుకు తగిన లైఫ్ జాకెట్ కొనండి. పెద్దవాళ్ళది తొడిగితే నీళ్ళలో తల మీదుగా ఊడిపోతుంది. బెల్టులన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి, చెవుల దాకా లేస్తే అది వదులైనట్టే. కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నదైతే చిన్నపిల్లలకు మరింత మేలు. రోజూ ఆ బకిల్స్‌ను వాడినే పెట్టుకోనివ్వండి, సరిగా పడ్డాయో లేదో మీరు చూడండి. అన్నీ పడ్డాయని వాడు చెప్పిన తరువాతే పడవ కదపమని సరంగుకు కూడా చెప్పి ఉంచండి.