యాన్సిబుల్ నడిపేటప్పుడు ఎస్ఎస్‌హెచ్ కంప్రెషన్ పనిచేస్తోందో లేదో తెలిసేదెలా?

ప్రశ్న (పర్లాకిమిడి నుండి)

గునుపురంలోనూ మోహనలోనూ ఉన్న మా 26 లినక్స్ యంత్రాల సెట్టింగులను ఇక్కడి సర్వర్ నుండి యాన్సిబుల్‌తో (ఎస్ఎస్‌హెచ్ అనే సురక్షిత కనెక్షన్ మీద చాలా యంత్రాలను ఒకేచోటి నుండి సర్దే సాధనం) చూసుకుంటున్నాను. మోహనలో మొబైల్ డేటా తప్ప వేరే దారి లేదు, వాన పట్టిందంటే అదీ నీరసిస్తుంది. కనెక్షన్ ఊరికే తెగిపోతోందని కిందటి నెల కాన్ఫిగ్ ఫైలులో ఎస్ఎస్‌హెచ్ ఆర్గ్స్ అనే వరుస కొత్తగా రాసి, సర్వర్ అలైవ్ ఇంటర్వెల్ 30 అని (30 సెకన్లు కబురు లేకపోతే అవతలి యంత్రాన్ని పలకరించమని) పెట్టాను. అప్పటి నుండి పది నిమిషాల ప్లేబుక్ (యాన్సిబుల్ వరుసగా చేసే పనుల జాబితా) అరగంట దాటుతోంది. డేటాను కుదించడానికి మధ్యలో వేరే సాధనం ఏదైనా పెట్టుకోవాలా?

జవాబు (బరంపురం నుండి)

వేరే సాధనం అక్కరలేదండీ, ఉన్నదే మీ చేతులతో తీసేశారు. ఆ వరుసకు యాన్సిబుల్ తనంతట తాను ఇచ్చే విలువలో పెద్దక్షరం సి (కంప్రెషన్, అంటే డేటా కుదింపు, కోరే ఎంపిక), కంట్రోల్ మాస్టర్ ఆటో, కంట్రోల్ పర్సిస్ట్ 60 సెకన్లు ఉంటాయి. మీరు రాసినది వాటికి తోడవదు, వాటి స్థానంలోకి వస్తుంది. అంటే కంప్రెషన్‌తో పాటు, ఒకసారి తెరిచిన కనెక్షన్‌నే మళ్ళీ వాడుకునే ఏర్పాటు కూడా పోయి, ప్రతి పనికీ లాగిన్ మొదటి నుండి జరుగుతోంది. నన్నడిగితే అరగంటకు అసలు కారణం ఈ రెండోదే. పాత మూడింటినీ తిరిగి రాసి, మీది చివర చేర్చండి. సి చిన్నక్షరం పడితే అది సైఫర్ (గుప్తీకరణ పద్ధతి) ఎంపిక అవుతుంది, జాగ్రత్త.

జవాబు (రాయగడ నుండి)

పై మాట నిజం. యాన్సిబుల్ మాడ్యూల్‌ను (అవతలి యంత్రంలో పని చేసే చిన్న ప్రోగ్రామును) జిప్ చేసి, దాన్ని బేస్64గా, అంటే మామూలు అక్షరాలుగా, మార్చి పైథాన్ ఫైలులో చుట్టి పంపుతుంది. మూడు బైట్లు నాలుగయ్యే ఆ ఉబ్బును ఎస్ఎస్‌హెచ్ కంప్రెషన్ చాలావరకు తగ్గిస్తుంది, టెంప్లేట్ల వంటి పాఠ్యమైతే ఇంకా బాగా కుదురుతుంది. డెబ్ ప్యాకేజీలూ టార్ జీజెడ్‌లూ అప్పటికే కుదించినవి కనుక వాటి దగ్గర సీపీయూ ఖర్చే మిగులుతుంది. దూరపు లింకు మీద బైట్ల కన్నా రాకపోకల సంఖ్యే భారం కాబట్టి పైప్‌లైనింగ్ (మాడ్యూల్‌ను విడిగా ఫైలుగా కాపీ చేయకుండా కనెక్షన్‌లోనే పంపే పద్ధతి) కూడా ఆన్ చేయండి, అయితే సుడోలో రిక్వైర్ టీటీవై (టెర్మినల్ తప్పనిసరి అనే నిబంధన) ఉండకూడదు. ఇక మీ అసలు ప్రశ్నకు వస్తే, ఒక యంత్రానికి ఎస్ఎస్‌హెచ్‌ను పెద్దక్షరం సి, చిన్నక్షరం వి (వివరాలు చూపే ఎంపిక) రెండూ ఇచ్చి నడపండి. కీ మార్పిడి వరుసల చివర కంప్రెషన్ అన్న మాట పక్కన జెడ్‌లిబ్ అనో (కుదింపు ఉంది) నన్ అనో (లేదు) కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. వరుస సరిచేశాక గునుపురం యంత్రాలన్నింటా జెడ్‌లిబ్ అని వచ్చింది, ప్లేబుక్ మునుపటి వేగానికి చేరింది. మోహనలో మాత్రం ఒక యంత్రం నన్ అనే చూపింది. ఆ యంత్రంలో ఎస్ఎస్‌హెచ్‌డీ (కనెక్షన్లు అందుకునే సర్వర్ వైపు ప్రోగ్రాము) కాన్ఫిగ్ తెరిస్తే, ఎవరో ఎప్పుడో రాసిన కంప్రెషన్ నో అన్న వరుస ఉంది. సర్వర్ వద్దంటే క్లయింటు ఏ హెచ్చరికా లేకుండా ఊరుకుంటుందని అప్పుడే తెలిసింది. ఆ వరుస తీసి, సర్వీసును రీలోడ్ చేశాను.