హాల్లో మోనే బొమ్మ రేకు మీద వేయిస్తే తప్పా?

కాలవగట్టు: ఫ్రెంచి చిత్రకారుడు మోనే వేసిన సూర్యోదయం బొమ్మ ‘ఇంప్రెషన్, సన్‌రైజ్’ని అల్యూమినియం షీటు మీద ప్రింటు వేయించి హాల్లో పెట్టాను. 3 అడుగుల వెడల్పు, 7 వేలైంది. మా బావగారు చూసి ‘ఇంట్లో రేకు బోర్డేంటయ్యా, కిళ్ళీకొట్టులా’ అన్నారు. మాది బందరు కాలవ పక్కన ఇల్లు. ఇదివరకటి కాన్వాస్ ప్రింటుకి రెండు వానాకాలాలకే వెనకంతా బూజు పట్టింది. మీరేమంటారు?

గుంటూరు మిర్చి: చెమ్మ గోడకి ఇదే మేలు. గుడ్డతో తుడిస్తే సరి.

కుంచె: చెమ్మ సంగతి సరే, బొమ్మ సంగతి చూడండి. 1872లో ఫ్రాన్సులోని లె ఆవ్ర్ రేవులో పొగమంచు అది. అందులో ఎర్ర సూర్యుడి వెలుతురూ, చుట్టూ ఉన్న బూడిదరంగు ఆకాశం వెలుతురూ దాదాపు ఒకటే. బ్లాక్ అండ్ వైట్ చేస్తే సూర్యుడు ఇంచుమించు మాయమవుతాడు. రంగు తేడా ఒక్కటే ఆయన్ని కంటికి ఆనిస్తోంది, అందుకే అలా మినుకుమంటాడు. మెరిసే రేకు మీద ఆ మినుకే పోతుంది. ఫోనులో ఫొటో తీసి రంగు తీసేసి చూడండి.

కాలవగట్టు: చూశాను. మబ్బుకన్నా తెల్లగా కనపడుతున్నాడు. కానీ అది ప్రింటువాళ్ళు వెలుతురు పెంచడం వల్ల, రేకు తప్పు కాదు. మెరవని రకం, అదే మ్యాట్, అడగాలని నాకు తెలీలేదు. సిరా 200 డిగ్రీల వేడికి ఆవిరై కోటింగు లోపలికి దిగుతుందట. పెచ్చులూడదు.

కుంచె: మీ సిరా లోపలికి దిగుతుంది. నీళ్ళ మీద ఆ నారింజ గీతల్లో మోనే రంగు పైకి లేచి ఉంటుంది! పైగా అసలు బొమ్మ 48 బై 63 సెంటీమీటర్లే. మూడడుగులకి సాగదీశారు.

గుంటూరు మిర్చి: పారిస్ వెళ్ళి అసలు బొమ్మ చూసొచ్చేదాకా గోడ ఖాళీగా ఉంచమంటారా?

సింగ్‌నగర్ వాసి: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా నాన్నగారి ఫొటోలు, పటాలు అన్నీ ముద్దయిపోయాయి. రేకు మీద ఉంటే కడిగి పెట్టుకునేవాళ్ళం. కుంచె గారి గోడ ఎప్పుడూ తడవలేదేమో.

కుంచె: అంత మాటొద్దండీ. ఇరవై ఏళ్ళు బీసెంట్ రోడ్డు షాపులకి రేకు మీదే బోర్డులు రాశాను. ప్రైమరు కొట్టి, సుద్ద దారంతో గీత కొట్టి, ఎనామిల్‌తో ఒక్కో అక్షరానికి నీడ తీసేవాణ్ణి. ఫ్లెక్సీలొచ్చాక పిలిచినవాడు లేడు. రేకంటే నాకెందుకు చులకన? ఆ 7 వేలకి ప్రకాశం బ్యారేజీ మీద సూర్యోదయం చేత్తో వేసిచ్చేవాళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారు. ఒక్కరినైనా అడిగారా?

కాలవగట్టు: అడగలేదండి. వేసేవాళ్ళున్నారన్న సంగతే తోచలేదు. కానీ కృష్ణని నేను రోజూ చూస్తాను. పదో తరగతిలో లైబ్రరీ పుస్తకంలో అరచేతంత బొమ్మ చూశాను. నాకు ఆ సూర్యుడే కావాలి. దించను.

కుంచె: దించమనట్లేదు. ఈసారి మ్యాట్‌లో, అసలు సైజులో వేయించండి. వెలుతురు పెంచొద్దని ముందే చెప్పండి. వేసేముందు ఫైలు నాకు పంపితే రంగు తీసి చూస్తాను.