స్లాబ్ రోజున మేస్త్రి నీళ్ళు ఎక్కువ పోస్తానంటే ఒప్పుకోవాలా?

తెనాలి కొత్తిల్లు

మొన్న ఆదివారం మా ఇంటి స్లాబ్ వేశాం. 1,100 చదరపు అడుగులు, మందం ఐదంగుళాలు, బీములతో కలిపి 130 బస్తాల దాకా పట్టింది. అంతా పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటే. పొద్దున తొమ్మిదింటికి కొబ్బరికాయ కొట్టి మిల్లర్ (కాంక్రీటు కలిపే మిషన్) స్టార్ట్ చేస్తే సాయంత్రం నాలుగున్నరకి అయిపోయింది. మేస్త్రి బస్తాకి రెండు పెయింట్ బకెట్ల నీళ్ళు పోయించాడు. ఇరవై లీటర్ల బకెట్లు, అంటే నలభై లీటర్లు. ఇదేంటని అడిగితే "మాలు జారాలి కదండీ, గట్టిగా ఉంటే రాడ్ల మధ్యకి దిగదు" అన్నాడు.

చీకటి పడ్డాక టార్చి వేసి చూస్తే నెర్రెలు! హాలు మీద ఏటవాలుగా, రెండు మూడడుగుల ఎడంతో, ఒకదాన్నొకటి తాకకుండా ఐదారున్నాయి. వరండా మీద మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా, ఆరంగుళాలకొకటి. మేస్త్రి "రోహిణి కార్తెకి రోళ్ళే పగుల్తాయి, స్లాబ్ ఎంత" అని నవ్వి, సిమెంటు పాలు పోసి చీపురుతో ఊడ్చేశాడు. మా బావగారు ఇంజనీరు. ఆయన ఫోన్లో "అన్ని నీళ్ళు పోస్తే బలం సగం పోతుంది, పగలగొట్టించు" అంటున్నారు. ఎవరి మాట వినాలి? మూడు రోజులుగా నిద్ర లేదు, ఒకటే టెన్షన్.

సైట్‌లో పాతికేళ్ళు

పగలగొట్టడం మాట ఇప్పుడే వద్దండి. నీళ్ళు ఎక్కువైతే బలం తగ్గుతుందని మీ బావగారు చెప్పింది నిజమే, కానీ మీ హాలు నెర్రెలకి కారణం అది కాదు.

ఏటవాలుగా, ఎడంఎడంగా వచ్చినవి ఎండకీ గాలికీ వచ్చినవి. పోసిన కాంక్రీటులో కంకర, సిమెంటు కిందికి సర్దుకుంటుంటే నీళ్ళు పైకి ఊరతాయి. ఆ ఊట కన్నా వేగంగా పైతడి ఆరిపోతే, ఇంకా గట్టిపడని పైపొర ముడుచుకుని చిట్లుతుంది. వేశాక మొదటి కొన్ని గంటల్లోనే ఇదంతా జరిగిపోతుంది. మే నెలాఖరున పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టారంటే, మిట్టమధ్యాహ్నం ఎండలో సెంట్రింగ్ రేకులు (స్లాబ్ కింద పరిచే ఇనప రేకులు) పెనంలా కాలుతుంటే వాటి మీద పోశారన్నమాట. తెల్లవారుజామునే మొదలుపెట్టి, రేకులు తడిపి, తాపీ పని అయిన చోటల్లా వెంటనే పాలిథిన్ షీటు కప్పి ఉంటే చాలావరకు వచ్చేవి కావు. నెర్ర కనపడగానే, మాలు ఇంకా పచ్చిగా ఉండగానే, చెక్కతో గట్టిగా కొట్టి రుద్దితే కలిసిపోతుంది కూడా. పాలు పోసి ఊడిస్తే నెర్ర మూసుకోదు, కనపడకుండా పోతుందంతే.

వరండావి వేరు. మీ రాడ్లు ఆరంగుళాలకొకటి కట్టారు కదా? నెర్రెలు సరిగ్గా రాడ్ల మీదే వచ్చాయి. మాలు పల్చగా ఉండి, సరిగ్గా కుదించకపోతే అది కిందికి దిగుతుంది, రాడ్ మాత్రం దిగదు. రాడ్డుకి అటూ ఇటూ కుంగి, నడినెత్తిన చీలుతుంది. ఇక్కడ మాత్రం నీళ్ళ పాపం ఉంది. కవర్ బ్లాకులు (రాడ్లకి అడుగున ఎడం కోసం పెట్టే దిమ్మలు) పెట్టినా పైరాడ్ మీద మాలు తక్కువైతే ఇంకా తేలిగ్గా వస్తాయి.

నల్గొండ మేస్త్రి కొడుకు

మా నాయన నలభై ఏండ్లుగా మేస్త్రి. అందరూ నీళ్ళు పోసినోణ్ణే తిడతరు. ఎందుకు పోస్తడో ఎవరన్నా అడిగిన్రా? రెండో అంతస్తుకు గమేళాలు ఎత్తేది మనుషులు. బీము దగ్గర రాడ్లు మూడు వరుసలు, మధ్యల వేలు కూడా పట్టదు. అందులోకి గట్టి మాలు ఎట్ల దిగుతది? దిగకుంటే సెంట్రింగ్ ఊడదీసినంక అడుగున కంకర తేలి తేనెతుట్టె లెక్క కనపడతది, అప్పుడు మళ్ళా మేస్త్రినే తిడతరు.

మాలును కుదించే వైబ్రేటర్ అద్దెకు తెమ్మంటే ఓనర్ "కడ్డీతో పొడవరాదా?" అంటడు. కూలీ చదరపు అడుగుకింత అని గుత్తకు మాట్లాడతరు. తొందరగా అయితేనే మాకు మిగిలేది. ఇగ అందరి కండ్లు బిర్యానీ ఎప్పుడొస్తదనే. అన్న, మీ సైట్ల వైబ్రేటర్ ఉన్నదా?

తెనాలి కొత్తిల్లు

ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళ ఆగిపోయింది, పెట్రోలు అయిపోయిందన్నారు. వరండా వేసింది ఆ తర్వాతే.

సైట్‌లో పాతికేళ్ళు

అదిగో.

మేస్త్రి కొడుకు మాటల్లో కోపం ఉంది గానీ అబద్ధం లేదు. అయినా అంకెలు ఒకసారి చూడండి. సిమెంటు రసాయనికంగా గట్టిపడడానికి, దాని గుజ్జులో పట్టి ఉండే తడికి కలిపి కావలసింది సిమెంటు బరువులో 38 శాతం నీళ్ళు. 50 కిలోల బస్తాకి 19 లీటర్లు. ఆపైన పోసేదంతా మాలు కదలడానికే. ఆ మిగులు ఆరిపోయాక దాని చోట సన్నటి రంధ్రాలు మిగులుతాయి. కాంక్రీటు పనికి మన దేశపు కోడ్ ఐఎస్ 456. అందులో ఎం20 రకం కాంక్రీటు మామూలు పాళ్ళకి, అంటే దాదాపు సిమెంటు ఒకటి, ఇసుక ఒకటిన్నర, కంకర మూడుకి, బస్తాకి 30 లీటర్లు మించొద్దని ఉంది. మీరు పోసింది 40. మీ ఇసుక తడిదైతే దానిలోనే ఇంకో నాలుగు లీటర్లు ఉంటాయి, బస్తా పాళ్ళకి 75 కిలోల ఇసుక పడుతుంది కదా. నీళ్ళు పెరిగేకొద్దీ బలం తగ్గుతుందని డఫ్ ఏబ్రమ్స్ 1918లోనే చికాగోలో పరీక్షలు చేసి చెప్పాడు. వందేళ్ళు దాటినా మన మిల్లర్ దగ్గరికి ఆ కబురు చేరలేదు.

మీకు కనపడుతున్న హాలు నెర్రెలు నీళ్ళ వల్ల వచ్చినవి కావు. నీళ్ళు చేసిన నష్టం మీకు కనపడదు. నాలుగైదు వానాకాలాలు పోయాక, ఆ రంధ్రాల్లోంచి తడి రాడ్డుకి చేరి స్లాబ్ అడుగున తుప్పు మరక వస్తుందే, అప్పుడు కనపడుతుంది.

హైదరాబాద్ మూడో అంతస్తు

ఈ గొడవంతా ఎందుకండీ, రెడీమిక్స్ తెప్పించుకుంటే పోలా? కొలతలు వాళ్ళే చూసుకుంటారు, పంపుతో రెండు గంటల్లో పని అయిపోతుంది.

సైట్‌లో పాతికేళ్ళు

మంచిదే, కానీ లారీని కూడా కాపలా కాయాలి. ప్లాంటులో నింపిన రెండు గంటల్లోపు దించెయ్యాలని దాని కోడే చెబుతుంది. మన ట్రాఫిక్‌లో ఇరుక్కుని మాలు బిగుస్తుంటే పంపు ఆపరేటరు పైపు పెట్టి లారీ డ్రమ్ములోకి నీళ్ళు వదలడం నా కళ్ళతో చూశాను. మిల్లర్ దగ్గరైతే తప్పు ఒక్క బస్తాలో, ఇక్కడ ఆరు క్యూబిక్ మీటర్లలో. చలాను మీద నింపిన టైము ఉంటుంది, అది చూడండి.

డల్లాస్ నుంచి

ఇక్కడ మా ఇళ్ళ కాంక్రీటు మీద మడులు కట్టి నీళ్ళు నిలపరు. డ్రైవ్‌వేల మీద కొలత ప్రకారం గాట్లు కోసేస్తారు, పగిలేది ఆ గాట్లలోనే పగులుతుంది. మనవాళ్ళు ఇది ఎందుకు చెయ్యరో!

నల్గొండ మేస్త్రి కొడుకు

అన్నా, అది నేల మీద పరిచేది. మాది గాల్ల ఉండే స్లాబ్. అందుల గాటు కోస్తే ఓనర్ మమ్మల్ని కోస్తడు.

ఒంగోలు గట్టు

క్యూరింగ్ (స్లాబ్‌ని తడి ఆరకుండా ఉంచడం) గురించి ఎవరూ మాట్లాడరేం? మా వీధిలో నీళ్ళ ట్యాంకర్‌కి డబ్బులు పెట్టలేక మూడు రోజులు చల్లి వదిలేసిన స్లాబులు ఎన్నో. పీపీసీకి తక్కువలో తక్కువ పది రోజులు, వీలైతే 14 అని కోడే చెబుతుంటే! పైగా ఒక రోజు ఎండి ఒక రోజు తడిస్తే అది క్యూరింగ్ కాదు. మడులు కట్టండి, లేదా గోనెపట్టాలు పరిచి తడి ఆరకుండా చూడండి.

తెనాలి కొత్తిల్లు

మడులు రెండో రోజు పొద్దున్నే కట్టాం, రెండంగుళాల నీళ్ళు నిలిపాం. మరి బలం ఎంత వచ్చిందో ఎలా తెలుస్తుంది? పరీక్షకి పంపే క్యూబులు (అదే మాలుతో పోసిన దిమ్మలు) తియ్యలేదు. ఎవరో సుత్తితో కొట్టి చూసే మిషన్ ఉందంటున్నారు.

సైట్‌లో పాతికేళ్ళు

రీబౌండ్ హామర్. పైపొర గట్టిదనాన్ని బట్టి లెక్క చెబుతుంది, 25 శాతం అటూ ఇటూ తేడా రావచ్చని మన ఐఎస్సే ఒప్పుకుంటుంది. మీ పైపొర మీద సిమెంటు పాలు పోశారు కాబట్టి అక్కడ కొట్టి లాభం లేదు, సెంట్రింగ్ తీశాక అడుగున కొట్టించండి. అనుమానం ఉంటే 28 రోజులు దాటాక కోర్ (పరీక్షకి స్లాబ్‌లోంచి కోసే గుండ్రటి ముక్క) తీయించండి. అది ఖర్చే.

ఈలోగా డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటి. బీముల కింద సపోర్టులు 14 రోజుల దాకా కదపొద్దు. రేకులు తీశాక పైన మళ్ళీ నీళ్ళు నిలిపి ఒక రోజు వదిలి, కింద నుంచి చూడండి. తడి దిగితే నెర్ర ఆరపార ఉన్నట్టు.

పై అంతస్తుకి మాత్రం మేస్త్రితో ముందే మాట్లాడుకోండి. నీళ్ళు వద్దని అరిస్తే ఆయన మీరు తిరిగి చూడనప్పుడు పోస్తాడు. ఆయనకి వేరే దారి చూపించాలి. ప్లాస్టిసైజర్ (మాలు జారేలా చేసే మందు) డబ్బా తెప్పించండి, డబ్బా మీద రాసిన కొలత ప్రకారం, బస్తాకి పావు లీటరు అటూ ఇటూ పడుతుంది. మాలు అదే జారుడుగా ఉంటుంది, నీళ్ళు తగ్గుతాయి. గమేళా లెక్కలు మాని 35 లీటర్ల కొలత పెట్టె చేయించండి. వైబ్రేటర్లు రెండు, పెట్రోలు నిండుగా.

నల్గొండ మేస్త్రి కొడుకు

లిఫ్ట్ మిషన్ గూడ రాయండి సారూ. అది లేకుంటే మీరు ఏ డబ్బా తెచ్చినా నీళ్ళు పడతనే ఉంటయి.

తెనాలి కొత్తిల్లు

పదహారు రోజులైంది. సపోర్టులు తీశాం. పైన నీళ్ళు నిలిపితే హాలులో ఒక్క చోట, ఫ్యాన్ కొక్కెం పక్కన, అరచేతి వెడల్పున తడి దిగింది. మిగతావి దిగలేదు. వరండా బీము అడుగున రెండు చోట్ల కంకర తేలింది. టార్చి వేస్తే లోపల రాడ్ కనపడుతోంది. మేస్త్రి మళ్ళీ సిమెంటు పాలే అన్నాడు. నేను ఒప్పుకోలేదు.

హామర్ పరీక్ష వచ్చే వారం. బావగారు ఇప్పటికీ పగలగొట్టమనే అంటున్నారు. రాడ్ కనపడే చోట ఏం పెట్టి పూడ్చాలో ఎవరైనా చెప్పండి.

సైట్‌లో పాతికేళ్ళు

మెత్తగా ఉన్నదంతా గట్టి కాంక్రీటు తగిలేదాకా సుత్తీ ఉలితో చెక్కించి, రాడ్ చుట్టూ వేలు దూరేంత ఖాళీ చేసి, తుప్పుంటే రుద్ది, కడిగి, కుదించుకుపోని మైక్రో కాంక్రీటుతో పూడ్చండి. ఉట్టి సిమెంటు ముద్ద పెట్టొద్దు, ఆరాక అంచు విడిపోతుంది. చెక్కేటప్పుడు బీము కింద సపోర్టు మళ్ళీ పెట్టించండి. ఫ్యాన్ పక్కన దిగిందానికి ఇంజెక్షన్ పద్ధతిలో ఎపాక్సీ (గట్టిపడే జిగురు) ఎక్కించాలి. ఫొటో పెట్టండి, రాడ్ ఎంత బయటపడిందో చూసి చెబుతా.