సర్కారు ఆర్డర్లు ఊళ్లోనే ఇస్తే మనకు మిగిలేదెంత?

సూది_దారం: మా మహిళా సంఘంలో బడి యూనిఫాంలు కుడతాం. జతకు 50 రూపాయలుండే కుట్టుకూలి 2024లో 75 చేశారు, సంతోషమే. కానీ పనంతా బడులు తెరిచే ముందే మీద పడుతుంది, తర్వాత మిషన్లు ఖాళీ. హాస్టల్ దుప్పట్లో, ఆసుపత్రి బట్టలో, ఏడాదంతా సర్కారు పని దొరికే దారి ఉందా?

మానేరు_గట్టు: అక్కా, సిరిసిల్లలో మాదీ ఇదే గోస. 2017లో సర్కారు పంచే బతుకమ్మ చీరల పథకం మొదలైంది, తర్వాత ఏటా కోటి దాకా చీరలు మా మరమగ్గాల మీదే నేసేవాళ్లం, వలస పోయినోళ్లు కూడా కొందరు తిరిగొచ్చారు. 2024లో ఆ ఆర్డర్ ఆగేసరికి మగ్గాలు నడిపే ఆసాములకు ఏం నేయాలో తోచలేదు, ఎందుకంటే అన్నేళ్లూ బయట మార్కెట్ వెతికే పనే పడలేదు కదా. ఇప్పుడు మహిళా సంఘాలోళ్లకు సర్కారు ఇచ్చే మహిళా శక్తి చీరలు వచ్చాయి గానీ, కొనేది ఒక్కరే అయితే టెన్షన్ పోదు.

గాజువాక_వెల్డర్: అందుకే కేంద్ర సంస్థల టెండర్లు కూడా చూడండి. వాళ్ల కొనుగోళ్లలో 25 శాతం చిన్న యూనిట్ల నుంచే ఉండాలి, ఆ 25లో మహిళల యూనిట్లకు 3, ఎస్సీ ఎస్టీల యూనిట్లకు 4. ఉద్యమ్ (చిన్న యూనిట్ల కేంద్ర రిజిస్ట్రేషన్) ఉంటే ఈఎండీ, అంటే టెండర్ డిపాజిట్ కట్టక్కర్లేదు. ఎల్1, అంటే అందరికన్నా తక్కువ రేటు, పెద్ద కంపెనీదై, మన రేటు దానికన్నా 15 శాతం లోపే ఎక్కువుంటే, ఎల్1 రేటుకి దిగితే ఆర్డర్‌లో కొంత మనకిస్తారు. దిగే ముందు లెక్కేసుకోండి, పెద్ద కంపెనీకి స్టీలు దొరికే ధర మనకి దొరకదు.

సూది_దారం: మరి డబ్బులు ఎప్పుడొస్తాయి అన్నా?

లెక్కల_బావ: చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం 45 రోజులు మించకూడదు, దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ. కేంద్ర చిన్న పరిశ్రమల శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. పెట్టేవాళ్లే తక్కువ, మళ్లీ ఆర్డర్ ఇవ్వరేమోనని భయం. నాకు తెలిసిన ఒకాయన వడ్డీ వదిలేసి అసలు కోసమే తిరుగుతున్నాడు. సరుకు ఇచ్చిన రోజే తేదీ వేయించి, సంతకం పెట్టించి చలాన్ దాచుకోండి.

మానేరు_గట్టు: ఇది నిజం. ఆర్డర్ ఇచ్చినప్పుడు ఫొటోలు, బిల్లు టైంకి ఎవరూ ఉండరు.

సూది_దారం: ఉద్యమ్ సంఘం పేరు మీద వస్తుందా?

లెక్కల_బావ: వస్తుందమ్మా. సంఘం పాన్, సంతకం చేసేవాళ్ల ఆధార్ దగ్గర పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ ఫ్రీ, ఏజెంటుకి పైసా ఇవ్వొద్దు. అది వచ్చాక సర్కారు ఆఫీసులు ఆన్‌లైన్‌లో కొనే జెమ్ పోర్టల్‌లో సెల్లర్‌గా చేరండి.