జీతం లేని అడవి అనుభవాన్ని పరిశోధన కొలువుకు అర్హతగా అడగడం న్యాయమేనా?

చర్చ ప్రారంభించినవారు: జంతుశాస్త్ర పట్టభద్రురాలు, కడప జిల్లా

ఈ ఏడాది జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తి చేశాను. వన్యప్రాణి జీవావరణ శాస్త్రంలో పీహెచ్‌డీ చేయాలన్నది నా కోరిక. దానికి తొలి మెట్టుగా ఐదు నెలలుగా విశ్వవిద్యాలయాలూ పరిశోధనా సంస్థలూ ఇచ్చే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో), ప్రాజెక్ట్ అసోసియేట్ కొలువుల ప్రకటనలను ఒక్కటి కూడా వదలకుండా చదువుతున్నాను. అర్హతల కింద ఎమ్మెస్సీ అని ఉంటుంది. ఆ తరువాతి వరుసలో, కనీసం ఏడాది ఫీల్డ్ అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం అని ఉంటుంది. ఆ అనుభవం ఎక్కడ దొరుకుతుందని అడిగిన ప్రతిచోటా నాకు వచ్చిన సమాధానం ఒక్కటే: ఆరు నెలలు వాలంటీరుగా పనిచేయండి.

ఇప్పుడు అటువంటి అవకాశం ఒకటి వచ్చింది. కెమెరా ట్రాపులు (జంతువు దగ్గరికి రాగానే వాటంతట అవే ఫొటో తీసే కెమెరాలు) అమర్చడం, వాటి కార్డులు మార్చడం, ట్రాన్సెక్టుల (లెక్క కోసం ముందే నిర్ణయించుకున్న తిన్నని దారుల) మీద నడిచి జింకలను లెక్కించడం, సాయంత్రం ఆ వివరాలన్నీ కంప్యూటరులో ఎక్కించడం పని. భోజనం, వసతి ఇస్తారు. జీతం లేదు, రానుపోను ఖర్చు నాదే. 2024–25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనికి రోజుకూలి 300 రూపాయలు. మా ఊరి చెరువులో పూడిక తీసినవారికి ఆ కూలి దక్కింది. ఎమ్మెస్సీ చదివి అడవిలో పనిచేసే మనిషికి అదీ దక్కదన్న మాట. మా నాన్నగారు రెండెకరాల రైతు. చదువు అయిపోయాక కూడా ఇంటి నుంచి డబ్బు పంపమని అడగడానికి నాకు నోరు రావడం లేదు. నెలాఖరులోగా జవాబు చెప్పాలి. ఇటువంటి అనుభవాన్ని అర్హతగా అడగడం న్యాయమేనా అన్నదే నా ప్రశ్న.

రాష్ట్ర విశ్వవిద్యాలయ ఆచార్యులు

అమ్మా, మీ బాధ అర్థమవుతోంది. అయినా అటువంటి ప్రకటనలు రాసేవారిలో నేనూ ఒకణ్ని గనుక, వాటి వెనుక ఉన్న ఇబ్బందిని చెప్పకుండా ఊరుకోలేను.

మూడేళ్ల ప్రాజెక్టు మంజూరైందనుకోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షను ప్రకారం అభయారణ్యంలో పరిశోధనకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. దరఖాస్తు, వివరణలు, కింది కార్యాలయాల అభిప్రాయాలు అన్నీ ముగిసేసరికి నెలలు గడుస్తాయి. వానాకాలంలో నల్లమల వంటి అడవిలో దారులు మూసుకుపోతాయి. చివరికి మా చేతిలో మిగిలేది రెండు ఎండాకాలాలు, మహా అయితే మూడు. ప్రాజెక్టులో ఉండేది తరచుగా ఒకే ఒక్క జేఆర్ఎఫ్ స్థానం. ఆ ఒక్కరూ మధ్యలో వెళ్లిపోతే ఒక ఎండాకాలం పోతుంది, దానితో ప్రాజెక్టులో సగం పోయినట్టే. ఒకసారి పరీక్షల్లో మంచి మార్కులు వచ్చిన యువకుణ్ని తీసుకున్నాను. పద్దెనిమిదో రోజున బేస్ క్యాంపు నుంచి ఇంటికి వెళ్లి తిరిగి రాలేదు. అతణ్ని తప్పుపట్టను. అడవి తన వల్ల కాదని అతనికి ముందు తెలియదు, నాకూ తెలియదు. అనుభవం అడగడం ఆ తెలియకపోవడాన్ని తగ్గించుకోవడం కోసమే.

డబ్బు సంగతి కూడా చెబుతాను. గ్రాంటులో మానవ వనరులు, సామగ్రి, ప్రయాణం, కంటింజెన్సీ అంటూ పద్దులు విడివిడిగా ఉంటాయి. ఒక పద్దు సొమ్మును మరో పద్దుకు మార్చడం అంత తేలిక కాదు. వాలంటీర్లే ఉండకూడదని నియమం పెడితే పెద్ద సంస్థలు ఎలాగో నెట్టుకొస్తాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లోని చిన్న ప్రాజెక్టులు మూతపడతాయి. అప్పుడు మీవంటి పిల్లలకు దగ్గరలో ఉన్న తలుపు కూడా మూసుకుంటుంది.

ఒకప్పటి వాలంటీరు, ప్రస్తుతం హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

ఆచార్యులవారి మాటల్లో నిజం ఉంది. అయితే ఆ ఇబ్బంది భారమంతా ఎవరి మీద పడుతోందో చూడవలసిన అవసరమూ ఉంది.

నేను ఏడు నెలలు ఒక ప్రాజెక్టులో వాలంటీరుగా ఉన్నాను. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. పనిని ప్రేమించాను. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, మంచు విడవకముందే ట్రాన్సెక్టు మొదలుపెట్టి, దుప్పుల గుంపు కనబడగానే ఊపిరి బిగబట్టి రేంజ్‌ఫైండరుతో దూరం కొలిచిన ఆ ఉదయాలు ఇప్పటికీ కలలోకి వస్తాయి. మూడో నెలకల్లా దాచుకున్న డబ్బు అయిపోయింది. బూట్లు, మందులు, ఫోను, నెలకోసారి బస్సు ఖర్చులకు మా అక్క దగ్గర అప్పు చేశాను. ఏడో నెలలో అక్కడే జేఆర్ఎఫ్ పోస్టు పడింది. నాతోపాటు పోటీపడిన అభ్యర్థికి రెండేళ్ల అనుభవం ఉంది. ఆయన మంచి పరిశోధకుడే, ఆయన మీద నాకు ఎటువంటి కోపమూ లేదు. అయితే ఆ రెండేళ్లూ ఆయనకు ఇంటి నుంచి డబ్బు వచ్చేది. ఇంటర్వ్యూలో ఇద్దరి అనుభవాలనూ నెలల్లో లెక్కించారు. ఆ నెలల వెనుక ఎవరి డబ్బు ఉందో లెక్కించే గడి ఆ కాగితంలో లేదు.

తరువాత అచ్చయిన పరిశోధన పత్రంలో కృతజ్ఞతల కింద ‘వాలంటీర్లందరికీ’ అన్న ఒక్క మాట ఉంది. నేను నడిచిన ట్రాన్సెక్టుల లెక్కలు ఆ పట్టికలలో ఉన్నాయి, నా పేరు ఎక్కడా లేదు.

అమ్మాయీ, వెళ్లవద్దని నేను అనను. వెళ్లే ముందు మాత్రం ప్రమాద బీమా ఉందా, అటవీశాఖ అనుమతి పత్రంలో నీ పేరు ఉంటుందా, పని ముగిశాక ఏం చేశావో వివరంగా రాసిన ధ్రువపత్రం ఇస్తారా అన్న మూడు సంగతులూ లిఖితపూర్వకంగా అడుగు.

పోస్ట్‌డాక్టరల్ పరిశోధకురాలు, బెంగళూరు

ఇక్కడ ఒకటి కాదు, రెండు గేట్లు ఉన్నాయని గుర్తించకపోతే ఈ చర్చ సగంలోనే ఆగిపోతుంది.

మొదటిది పరీక్ష. జేఆర్ఎఫ్‌కు అర్హత ఇచ్చే సీఎస్ఐఆర్–యూజీసీ నెట్ పరీక్షలో లైఫ్ సైన్సెస్ సిలబస్‌కు 13 యూనిట్లు ఉంటాయి. వాటిలో జీవావరణ సూత్రాలది ఒకటి, పరిణామం–ప్రవర్తనలది మరొకటి. మిగిలిన వాటిలో ఎక్కువ భాగం కణాలు, అణువులు, శరీరధర్మాలు. నెలల తరబడి కోచింగ్ తీసుకుని జీవరసాయన శాస్త్రం బట్టీపట్టినవారు గట్టెక్కుతారు. అడుగుజాడ చూసి చిరుతదో హైనాదో చెప్పగలిగినవారు చాలాసార్లు గట్టెక్కరు. ఈ తేడా జీతంలోనూ కనిపిస్తుంది: 2020 నాటి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఉత్తర్వులో నెట్ లేదా గేట్ పరీక్ష గట్టెక్కిన మొదటి శ్రేణి ప్రాజెక్ట్ అసోసియేట్‌కు నెలకు 31,000 రూపాయలు, లేనివారికి 25,000 రూపాయలు, అద్దె భత్యం అదనం అని నిర్ణయించారు. అదే అడవి, అవే జలగలు, అదే పని.

రెండో గేటు జీతం లేని అనుభవం. పరీక్ష గేటు దాటలేనివారు ఈ దారిన రావచ్చునని చెబుతాం గాని, ఈ దారికి సుంకం ఉంది, అది వారి ఇంట్లోవారు కట్టాలి.

ఫెలోషిప్పుల మొత్తాలు పెరిగిన మాట నిజం. 2019 జనవరి నుంచి జేఆర్ఎఫ్ 25,000 నుంచి 31,000 అయింది. దేశమంతటా పరిశోధక విద్యార్థులు రోడ్డెక్కాకే అది పెరిగింది. 2023 జనవరి నుంచి 37,000 అయింది, దాని పై మెట్టైన ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) 42,000 అయింది. రీసెర్చ్ అసోసియేట్లకు 58,000తో మొదలై 67,000 వరకు ఇస్తున్నారు. పోరాడి సాధించుకున్న ఈ మెట్లన్నీ లోపలికి వచ్చినవారివే. గడప బయట నిలబడినవారికి ఏ ఉత్తర్వూ వర్తించదు. వాలంటీరు అన్న పదానికి కనీస భత్యం ఎంతో ఏ కాగితంలోనూ నాకు కనబడలేదు.

నా మట్టుకు పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాతి పరిశోధన) దశలోనూ ఇదే బాధ మరో రూపంలో వచ్చింది. నేషనల్ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ రెండేళ్లది. ఆచార్యులవారు చెప్పిన అనుమతి కోసం నెలలు ఎదురుచూస్తే ఆ రెండేళ్లలో నిజంగా అడవిలో గడిచేది ఎంత? అనుమతి చేతికి వచ్చేసరికి మంచి కాలం సగం దాటిపోతుంది. పని తొందరగా ముగించాలంటే మనుషులు కావాలి. మనుషులకు ఇవ్వడానికి డబ్బు ఉండదు. అప్పుడు నేనూ వాలంటీర్లు కావలెనని ప్రకటన ఇచ్చాను. ఇచ్చినందుకు నాకు సిగ్గుగా ఉంది, అందుకే ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

ఇది మన దేశపు సమస్య మాత్రమే కాదు. జీతం లేని ఫీల్డ్ సహాయకుల మీద ఆధారపడటం వన్యప్రాణి శాస్త్రానికే చేటని వాదించే వ్యాసం 2015లో అమెరికాలోని వైల్డ్‌లైఫ్ సొసైటీ బులెటిన్‌లో వచ్చింది. ఉచితంగా పనిచేయగలిగినవారే మిగిలితే ఆ శాస్త్రంలో ప్రశ్నలు అడిగేవారంతా ఒకే రకం ఇళ్ల నుంచి వస్తారు. పొలం మీద అడవిపందులు పడితే ఏమవుతుందో తెలిసిన ఇంటి పిల్ల అడిగే ప్రశ్న వేరు, ఆ సంగతి చదివి తెలుసుకున్నవారు అడిగే ప్రశ్న వేరు. రెండూ కావాలి. ఇప్పుడు రెండోదే ఎక్కువగా వినబడుతోంది.

అటవీశాఖ ఉద్యోగి, నల్లమల ప్రాంతం

అనుభవం గురించి ఇంత చర్చ జరుగుతున్నా, అసలు అనుభవం ఎవరి దగ్గర ఉందో ఎవరూ చెప్పలేదు. అఖిల భారత పులుల గణనలో రెండు చదరపు కిలోమీటర్ల గడికి ఒక జత చొప్పున కెమెరాలు పెడతాం. గడి గీత మ్యాపు మీద ఉంటుంది, పులి నడిచే బాట మ్యాపు మీద ఉండదు. ఆ బాట ఏ మలుపులో ఉందో, ఏ చెలమ దగ్గర నీరు ఎండాకాలం చివరిదాకా నిలుస్తుందో చూపేది చెంచు వాచర్లు. పరిశోధక విద్యార్థులకు వారే గురువులు, వారే అంగరక్షకులు. దినవేతనం మీద పనిచేసే ఆ మనుషులు ఏ కొలువుకూ అర్హులు కారు, డిగ్రీ లేదు కాబట్టి.

ప్రశ్న వేసిన అమ్మాయిది కడప జిల్లా గనుక ఆ జిల్లా సంగతే చెబుతాను. 1900 తరువాత ఎవరికీ కనబడక అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే అరుదైన పక్షి 1986 జనవరిలో లంకమల అంచున రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. వెతికింది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు. రాత్రివేళ ముళ్లపొదల మధ్య టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టి చూపింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. ఆయన ఫీల్డ్ అనుభవాన్ని ఏ దరఖాస్తులో ఎన్ని నెలలని రాయాలి?

వాలంటీర్ల గురించి మా కష్టం కూడా చెప్పాలి. ఎలుగుబంటి మీదపడితే, పాము కాటేస్తే మొదట ఉరకవలసింది మా సిబ్బందే. జీతం తీసుకునే పరిశోధకుడికి ఒక సంస్థ బాధ్యత వహిస్తుంది. వాలంటీరుకు ఎవరు బాధ్యులో ఆ క్షణంలో తేల్చడం మా వల్ల కాదు. పై సోదరుడు చెప్పిన మూడు ప్రశ్నల్లో అనుమతి పత్రంలో పేరు అన్నది అన్నిటికంటే ముఖ్యం.

పీహెచ్‌డీ విద్యార్థి, అమెరికా

ఇక్కడి పద్ధతి గురించి ఒక్క మాట. నేను చదువుతున్న చోట గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్ కింద ట్యూషన్ రుసుము మాఫీ అవుతుంది, నెలవారీ భత్యం వస్తుంది, వారానికి 20 గంటల పని చేయాలి. వినడానికి ఇది స్వర్గంలా ఉంటుంది. అయితే ఆ స్థానం గైడు గ్రాంటుతో ముడిపడి ఉంటుంది, నా వీసా ఆ స్థానంతో ముడిపడి ఉంటుంది. జాతీయ సైన్స్ ఫౌండేషన్ గ్రాడ్యుయేట్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేద్దామంటే అది అమెరికా పౌరులకూ శాశ్వత నివాసులకూ మాత్రమే. పైగా నేను ఇక్కడ చేరడానికి చూపిన అనుభవం కూడా భారతదేశంలో జీతం లేకుండా చేసినదే. మా అన్నయ్య ఉద్యోగం చేస్తూ నన్ను ఆదుకోకపోతే ఈ దరఖాస్తు ఉండేదే కాదు.

రాష్ట్ర విశ్వవిద్యాలయ ఆచార్యులు

అందరి మాటలూ రెండుసార్లు చదివాను. ఒక విషయంలో నా అభిప్రాయం మారింది, మరో విషయంలో మారలేదు.

మారనిది ముందు చెబుతాను. పది పదిహేను రోజుల శిక్షణ శిబిరానికి విద్యార్థులు సొంత ఇష్టంతో వస్తే దానికి జీతం ఇవ్వాలని నేను అనుకోను. అక్కడ నేర్చుకునేది వారు, నేర్పేది మేము. నిషేధం అన్న మాటకు నేను ఇప్పటికీ వ్యతిరేకినే.

అయితే ఆరు నెలలపాటు ప్రాజెక్టుకు కావలసిన లెక్కలు సేకరించడం శిక్షణ కాదు, పని. ఈ రెంటికీ ఒకే పేరు పెట్టి ఇన్నాళ్లూ మమ్మల్ని మేమే సమాధానపరచుకున్నాం. పద్దులు విడివిడిగా ఉంటాయని వాదించాను గాని, ప్రతిపాదన రాసేటప్పుడు ఫీల్డ్ సహాయకుల పద్దు అడగవలసింది నేనే. అడిగితే మొత్తం పెరిగి గ్రాంటు రాదేమోనన్న భయంతో అడగలేదు. పద్దెనిమిది రోజులకు వెళ్లిపోయిన ఆ యువకుడి గురించి కూడా మళ్లీ ఆలోచించాను. ఎంపికకు ముందు ముగ్గురు నలుగురు అభ్యర్థులను దారిఖర్చులిచ్చి వారం రోజులు క్యాంపులో ఉంచుకుని చూసి ఉంటే ఆ సంగతి ఇద్దరికీ తెలిసేది. ఏడాది అనుభవం అడిగి నేను తెలుసుకోవాలనుకున్నది ఆ వారంలో తెలిసిపోయేది.

నా తరువాతి ప్రకటనలో ఆ షరతు తీసేస్తున్నాను.

జంతుశాస్త్ర పట్టభద్రురాలు, కడప జిల్లా

అందరికీ నమస్కారాలు. చెప్పినట్టే ఆ మూడు ప్రశ్నలనూ రాసి పంపాను. నిన్న జవాబు వచ్చింది. అనుమతి పత్రంలో పేరు చేర్చుతామన్నారు, ధ్రువపత్రం ఇస్తామన్నారు, బీమా మాత్రం స్వయంగా చేయించుకోవాలన్నారు. జీతం గురించి నేను మళ్లీ అడగలేదు, వారూ చెప్పలేదు. వారు మర్యాదగానే రాశారు. రాలేనని ఈ ఉదయం అంతే మర్యాదగా తెలియజేశాను.

ఆచార్యులవారూ, మీ ప్రకటన వచ్చినప్పుడు తప్పకుండా దరఖాస్తు చేస్తాను. నాకు ఏ సంస్థ ఇచ్చిన ధ్రువపత్రమూ లేదు. మా పొలం లంకమల అంచున ఉంది. పంట చేతికొచ్చే రోజుల్లో పందుల కాపలాకు నాన్నతోపాటు పదేళ్ల నుంచి మంచె మీద పడుకుంటున్నాను. ఏ నెలలో ఏ గుంపు ఏ వాగు వెంట దిగుతుందో, కణుజు ఎప్పుడు వస్తుందో నోటు పుస్తకాల్లో తేదీలతో సహా రాసిపెట్టుకున్నాను. అనుభవం అన్న గడిలో అవి రాయవచ్చునా?