ఇంటి నుంచే యానిమేషన్ డిగ్రీ చేయవచ్చునా?

ప్రశ్న (అమలాపురం): ఇంటరాక్టివ్ యానిమేషన్, మల్టీమీడియా డిజైన్‌లో ఆన్‌లైన్ డిగ్రీ చేయాలనుకుంటున్నాను. నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ మాత్రమే ఉంది. గాలివాన వస్తే మా లంకలో కరెంటు ఉండదు. చేరవచ్చునా?

జవాబు (భీమవరం): ముందుగా ఆ కోర్సుకు యూజీసీ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. పాఠ్యాంశాల్లో ఇంకా ఫ్లాష్ (వెబ్‌లో యానిమేషన్లకు వాడిన పాత సాఫ్ట్‌వేర్) కనబడితే మాత్రం చేరవద్దు. 2020 డిసెంబరు 31తోనే అడోబ్ ఫ్లాష్ ప్లేయర్‌ను ఆపేసింది, ఇప్పుడు ఆ పని హెచ్‌టీఎంఎల్5, జావాస్క్రిప్ట్‌లతో జరుగుతోంది.

జవాబు (పాలకొల్లు): నేను అటువంటి కోర్సే చేశాను. సెకనుకు 24 ఫ్రేములున్నా, ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములపాటు నిలిపితే 12 బొమ్మలు చాలు. కాలువలో పడవ ఊగడాన్ని అలాగే గీశాను, కొబ్బరాకు కదలిక మాత్రం నెలంతా విసిగించింది. బ్లెండర్ అనే 3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఉచితం, చిన్న దృశ్యాలకు మీ ల్యాప్‌టాప్ సరిపోతుంది. రెండరింగ్‌ను, అంటే కంప్యూటరు తయారుచేసే తుది దృశ్యాలను, వీడియోగా కాక విడివిడి బొమ్మలుగా దాచుకుంటే, కరెంటు పోయినా ఆగిన ఫ్రేము నుంచే కొనసాగించవచ్చు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. పాఠ్యాంశాల పట్టిక తెప్పించుకుంటాను.