సమస్యాపూరణం: తలను దునిమినపుడె దక్కు బ్రతుకు

నిర్వాహకుడు (అమలాపురం):
మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఇది:

*తలను దునిమినపుడె దక్కు బ్రతుకు*

ఆటవెలది నాలుగో పాదం. విషయం మన వార్‌గేమ్ బొమ్మలే, అంటే బల్ల మీద పాత యుద్ధాలు ఆడుకునే చిన్న సైనికుల బొమ్మలు. ఇంగ్లీషువాళ్లకీ ఫ్రెంచివాళ్లకీ జరిగిన చందుర్తి యుద్ధం (1758) ఆడదామంటే మన సిపాయిల బొమ్మలు చేతికి రావడం లేదు. ఐరోపా సైనికుల 28 మి.మీ. బొమ్మలు తెచ్చుకుని తలలు మారుస్తున్నాం కదా, ఈ పాదం అక్కడ పుట్టింది. ఒక్క షరతు. తల తెగడం సమస్యలోనే ఉంది కాబట్టి, కొత్త తల ఎలా నిలిచిందో పూరణలో కనబడాలి. ఆ ముక్క లేని పద్యం ఎంత బాగున్నా నాకు సగం పూరణే.

లంకతోట (రాజోలు):

పాగ లేని బొమ్మ పరదేశి భటుడౌను
మన సిపాయిగాను మారవలయు
సన్న రంపమంది చందుర్తి పోరుకై
తలను దునిమినపుడె దక్కు బ్రతుకు

నిర్వాహకుడు:
ధార బాగుంది తమ్ముడూ. మూడో పాదంలో స-చ యతి హాయిగా పడింది. "పాగ లేని బొమ్మ పరదేశి" అన్న ఎత్తుగడలోనే విషయమంతా ఉంది. చరిత్ర కూడా నీ పక్షమే. ఆ యుద్ధంలో ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ వైపు సిపాయిలు ఎర్రకోట్లే వేసుకున్నారు, దూరం నుంచి చూసిన ఫ్రెంచివాళ్లు వాళ్లని ఇంగ్లీషు దళం అనుకున్నారు. అంటే కోటు మార్చక్కర్లేదు, తల మారితే చాలావరకు పని అయిపోయినట్టే (లాగు మాత్రం మోకాళ్ల పైకి తేవాలి, అది పుట్టీ పని). కానీ నీ పద్యం రంపం దగ్గరే ఆగిపోయింది. పాగా ఉన్న తల ఎక్కడ? అది దేని మీద నిలిచింది?

కోటిపల్లి రేవు:
ఒక మాట కలుపుతానండి. రంపం గడ్డం కింద, కాలరు అంచు వెంట ఆడాలి. కోత ఏటవాలుగా వస్తే తెగిన రెండు వైపులూ కలవవు. అక్కడ ఎంత జిగురు పోసినా అది ఖాళీని నింపుతుందే గాని బొమ్మని పట్టుకోదు.

గౌతమి గాలి (యానాం):
నాకు ఈ పాదం చూడగానే వినాయకుడే గుర్తొచ్చాడండి.

శూలి కినిసి తొలుత సుతు కంఠమును ద్రుంచి
గజ శిరమ్ము నతికె గౌరి కొఱకు
విఘ్నపతిగ నిలిచి విశ్వపూజ్యుడు గాగ
తలను దునిమినపుడె దక్కు బ్రతుకు

నిర్వాహకుడు:
అక్కయ్యగారూ, ఇప్పటిదాకా వచ్చినవాటిలో నడకకి ఇదే ముందు. గ-గౌ యతి ముచ్చటగా ఉంది. తల మార్పిడికి అంతకన్నా పెద్ద ఉదాహరణ మనకి లేదు కూడా. రెండు లోపాలు చెబుతాను, ఏమీ అనుకోకండి. కథ జరిగిపోయింది, "అతికె" అన్నారు, సమస్యలో ఉన్నది "దక్కు". కాలాలు పొసగలేదు. రెండోది, శివుడికి తీగా జిగురూ అక్కర్లేదు, మనకి కావాలి. అతికిన పద్ధతి పద్యంలో రాలేదు.

వశిష్ఠ గట్టు (నరసాపురం):

మెడకు రంధ్రమిడుము మేలైన తీగను
మొండెమందు గ్రుచ్చి మొదలు నిలుపు
జిగురుతోడ పిదప జేర్చంగ వేరొక్క
తలను, దునిమినపుడె దక్కు బ్రతుకు

లంకతోట:
అన్నయ్యా! "తలను" దగ్గర విరిచేశారు!

నిర్వాహకుడు:
అవును, సమస్య ముడి విప్పింది ఆ విరుపే. "తలను" అన్న మాటని మూడో పాదానికి ఇచ్చేసరికి అది తెగే తల కాకుండా చేరే తల అయింది. అర్థం తిరగబడింది, పాదంలో ఒక్క అక్షరం కదల్లేదు. పైగా పని వరస కూడా సరిగ్గా ఉంది. రంధ్రం, తీగ, ఆ తర్వాతే జిగురు. నాకు పట్టింపల్లా "మేలైన తీగ" మీద. మేలైనది అంటే ఏది?

పాలకొల్లు కుర్రాడు:
అన్నయ్యా, ఫెవిక్విక్ చుక్క వేస్తే పట్టేస్తుంది కదండి, మళ్లీ ఈ తీగెందుకు?

వశిష్ఠ గట్టు:
ఇద్దరికీ కలిపి చెబుతాను. ఫెవిక్విక్ లాంటి జిగురు నిలువునా లాగితే బాగానే ఓర్చుకుంటుంది. పక్క నుంచి దెబ్బ తగిలితే పెళుసుగా విరుగుతుంది. ఆటలో బొమ్మకి తగిలేవన్నీ పక్క దెబ్బలే, చెయ్యి తగిలి పడిపోవడం, డబ్బాలో ఒకదానికొకటి కొట్టుకోవడం. లోపల తీగ ఉంటే ఆ దెబ్బ తీగ మీద పడుతుంది. పైగా ఆ జిగురు గాలిలో తేమతోనే గట్టిపడుతుంది. వానాకాలంలో మన లంకల గాలికి తల సరిచేసుకునేలోపే బిగుసుకుపోతుంది, చుట్టూ తెల్లటి చార కూడా వేస్తుంది. తీగ మీద తల ముందే నిలబడి ఉంటే ఆ కంగారు ఉండదు.

తీగకి ఇత్తడి మంచిది, లేకపోతే జెమ్ క్లిప్పు ముక్క. డ్రిల్లు బిట్టు 1 మి.మీ., తీగ అంతకన్నా ఒక పిసరు సన్నం, జిగురుకి చోటు ఉండాలి కదా. చేతి డ్రిల్లుని నిదానంగా తిప్పాలి, మెడ మందం కొద్ది మిల్లీమీటర్లే, తొందరపడితే పక్కకి చీలుతుంది. మెడలో ఒక్క తీగకే చోటు. రెక్కలకీ పెద్ద చేతులకీ రెండు పెట్టాలి, ఒక్కటైతే దాని చుట్టూ తిరిగిపోతుంది. లోహపు బొమ్మకి తీగ తప్పనిసరి, దాని బరువే దానికి శత్రువు. మామూలు పాలీస్టైరీన్ ప్లాస్టిక్ బొమ్మ మాత్రం వేరు, ప్లాస్టిక్ సిమెంటు అతికే రెండు వైపుల్నీ కరిగించి ఒకటి చేసేస్తుంది, అక్కడ చాలాసార్లు తీగ లేకపోయినా ఫరవాలేదు. అదే సిమెంటు లోహానికీ, అచ్చులో పోసి చేసే రెసిన్‌కీ పట్టదు.

రెసిన్ ముక్కల్ని ముందు సబ్బునీళ్లతో కడుగు తమ్ముడూ, అచ్చు నుంచి వచ్చిన జిడ్డు ఉంటుంది. అరగదీసేటప్పుడు తడిపి, ముక్కుకి మాస్కు కట్టుకో. ఆ పొడి ఊపిరికి మంచిది కాదు.

పాలకొల్లు కుర్రాడు:
అర్థమైందండి. మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే దిద్దండి.

చేతి డ్రిల్లుతోడ రంధ్రము వేయుచు
చుక్క రంగు నద్ది చోటు తెలిసి
గరుకు చేసి మెడను గట్టిగా నతికింప
తలను, దునిమినపుడె దక్కు బ్రతుకు

నిర్వాహకుడు:
గణాలన్నీ సరిపోయాయి. మొదటి పాదంలో యతి తప్పింది, "చే"కి "రం" పొసగదు. "చేతి డ్రిల్లుతోడ చిన్న రంధ్రము వేసి" అను, చే-చి కలుస్తాయి, చిన్న రంధ్రం అన్న జాగ్రత్త కూడా చేరుతుంది.

రెండో పాదం నాకు ఎంతో నచ్చింది. ఒక వైపు తీగ కొనకి తడి రంగు అద్ది రెండో ముక్కకి ఆనిస్తే, డ్రిల్లు ఎక్కడ పెట్టాలో ఆ చుక్కే చెబుతుంది. ఇంతమందిలో ఆ కిటుకుని పద్యంలోకి తెచ్చింది నువ్వే. "గరుకు చేసి" కూడా మంచి పట్టు. కత్తితో అడ్డగీతలు గీస్తే జిగురు నిలుస్తుంది, ఒంటి తీగ మీద తల తిరగదు.

కోటిపల్లి రేవు:
అతికాక మెడ చుట్టూ సన్నని సందు మిగులుతుందండి. గ్రీన్ స్టఫ్ అనే పుట్టీ రెండు ముద్దలు, పసుపూ నీలమూ, సమంగా కలిపి నింపి, తడివేలితో నునుపు చేస్తే కోత కనబడదు. ఇది కూడా ఎవరైనా పద్యంలో పెడితే బాగుండును.

నిర్వాహకుడు:
విరుపుకి వశిష్ఠ గట్టు పూరణ, పనితనానికి కుర్రాడి పూరణ (యతి దిద్దాక) ఈ వారం ఎంపికలు. లంకతోట తమ్ముడు మూడో పాదం ఉంచుకుని, మొదటి రెండూ మార్చి మళ్లీ పంపాలి, వదలొద్దు. ఆయుధాలు మార్చుకోవడానికి చేతుల్లో అయస్కాంతాలు పెడుతున్నవాళ్లు ధ్రువాల వైపు ముందే గుర్తు పెట్టుకోండి, వచ్చే వారం వాళ్లదే:

*చేయి యూడినపుడె చెలిమి పెరుగు*